ఎడ్గర్ మేయర్, ఆయన డబుల్ బాస్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

జాకిర్ హుస్సేన్ జీవితపు చివరి సంవత్సరాల్లో వెలువడిన ‘యాజ్ వియ్ స్పీక్’ ఆల్బమ్‌ను కిందటి సంచికలో పరిచయం చేసినప్పుడు, అందులో డబుల్ బాస్ వాయించిన ఎడ్గర్ మేయర్ గురించి ఒక్క వాక్యం మాత్రమే రాశాం. తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని అడిగినవే. అందుచేత ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విద్వాంసుడికీ, ఆయన వాద్యానికీ కేటాయిస్తున్నాం.

ప్రశ్న: ఆ ఆల్బమ్‌లో కమానుతో పలికే గంభీరమైన వాద్యాన్ని నేను చెల్లో అనుకున్నాను. మీరు డబుల్ బాస్ అని రాశారు. రెండింటికీ తేడా ఏమిటి? సినిమా పాటల్లో వినిపించే బాస్ గిటార్‌కూ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

జవాబు: వయొలిన్ కుటుంబంలో అన్నిటికంటే పెద్దదీ, అన్నిటికంటే మంద్రంగా పలికేదీ డబుల్ బాస్. దీని ఎత్తు సుమారు 180 సెంటీమీటర్లు ఉంటుంది కనుక వాయించేవారు పక్కన నిలబడి గానీ, ఎత్తయిన స్టూలు అంచున కూర్చుని గానీ వాద్యాన్ని ఒంటికి ఆనించుకుంటారు. చెల్లో తీగలను ఒకదానికొకటి పంచమం దూరంలో శ్రుతి చేస్తే, డబుల్ బాస్ తీగలను శుద్ధ మధ్యమం దూరంలో చేస్తారు. తీగ చాలా పొడవైనది కావడం వల్ల స్వరస్థానాల మధ్య ఎడం పెరిగిపోతుంది. పంచమం దూరంలో శ్రుతి చేస్తే ఎడమచేయి మాటిమాటికీ పైకీ కిందికీ పరుగెత్తవలసి వస్తుంది. చెల్లోలో అతి మంద్రమైన తీగ సెకనుకు సుమారు 65 సార్లు కంపిస్తే, డబుల్ బాస్‌లో అతి మంద్రమైన తీగ సుమారు 41 సార్లు కంపిస్తుంది.

బాస్ గిటార్‌తో ఉన్న చుట్టరికం దగ్గరిదే. 1951లో లియో ఫెండర్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చిన ఎలక్ట్రిక్ బాస్‌కు ఇవే నాలుగు తీగలు, ఇదే శ్రుతి. మోసుకుపోవడం తేలిక, ధ్వనిని కావలసినంత పెంచుకోవచ్చు, మెట్లు ఉంటాయి కనుక స్వరస్థానం తప్పే భయం తక్కువ. డబుల్ బాస్‌కు మెట్లు లేవు, చేతిలో కమాను ఉంటుంది. మనిషి గొంతులా జారుతూ, ఊపిరి పట్టి నిలిపినట్టు సాగే స్వరం ఈ రెండు కారణాల వల్లే దానికి సాధ్యమైంది.

ఇక మీరు చెల్లో అని భ్రమపడటానికి కారణం మేయరే. ఆయన తన పై తీగ మీద, అందులోనూ పై సగంలో, చాలాసేపు గడుపుతారు. డబుల్ బాస్ పై తీగ, చెల్లో మూడో తీగ ఒకే శ్రుతిలో ఉంటాయి; అక్కడినుంచి పైకి వెళ్లేకొద్దీ రెండు వాద్యాలూ ఒకే చోట పాడుతున్నట్టే లెక్క. ఈసారి వినేటప్పుడు స్వరం మొదలయ్యే క్షణాన్ని గమనించండి. డబుల్ బాస్ తీగ లావుగా, బరువుగా ఉంటుంది కనుక కమాను తాకిన తర్వాత పూర్తి నాదం రావడానికి రెప్పపాటు ఆలస్యమవుతుంది. ఆ చిన్న ఒరిపిడి చెవిన పడితే అది డబుల్ బాసే.

ప్రశ్న: మేయర్ ఎక్కడివారు? ఏ పిల్లవాడైనా వయొలిన్‌నో పియానోనో కోరుకుంటాడు గానీ తనకంటే పెద్దదైన వాద్యాన్ని ఎందుకు ఎంచుకుంటాడు?

జవాబు: ఆయన ఇంట్లో ఆ ప్రశ్నే తలెత్తలేదు. మేయర్ 1960 నవంబరు 24న అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం టల్సాలో పుట్టారు; పెరిగింది టెనెసీ రాష్ట్రపు తూర్పు భాగంలోని ఓక్ రిడ్జ్‌లో. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అణ్వాయుధ పరిశోధన కోసం అమెరికా ప్రభుత్వం ప్రత్యేకంగా నిర్మించిన పట్టణం అది. ఆయన తండ్రి అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో తంత్రీవాద్యాలు నేర్పేవారు, స్వయంగా డబుల్ బాస్ వాయించేవారు. తండ్రి చేతిలో చూసిన వాద్యం కనుక కొడుకు అయిదేళ్ల వయసులోనే దాన్ని పట్టుకున్నాడు. పియానో కూడా చిన్ననాటినుంచీ తోడుంది. 2006లో వచ్చిన ఒక ఆల్బమ్‌లో పియానో, గిటార్, బాంజో సహా వాద్యాలన్నీ తానే వాయించి రికార్డు చేసుకున్నారు.

ఇంటి చదువు తర్వాత ఆయన ఇండియానా యూనివర్సిటీలో స్టూవర్ట్ శాంకీ దగ్గర చేరారు. ఈ గురువు పేరు గుర్తుంచుకోదగ్గది. డబుల్ బాస్‌ను సోలో వాద్యంగా అమెరికా ప్రజల ముందుకు తెచ్చిన గ్యారీ కార్ కూడా అంతకుముందు న్యూయార్క్‌లోని జూలియర్డ్ సంగీత విద్యాలయంలో ఆయన దగ్గరే చదువుకున్నారు. ఒక తరం తేడాతో, పూర్తిగా భిన్నమైన దారులు పట్టిన ఇద్దరు విద్వాంసులకు ఒకే గురువు ఉండటం నన్ను ఎప్పుడూ ఆకట్టుకునే విషయం.

ప్రశ్న: సింఫనీ ఆర్కెస్ట్రాల్లో ఈ వాద్యం వెనక వరుసలో కనిపిస్తుంది. అలాంటి వాద్యంతో ఒక వ్యక్తి సోలో విద్వాంసుడిగా బతకగలడా? మేయర్ ఏదైనా ఆర్కెస్ట్రాలో పనిచేశారా?

జవాబు: డబుల్ బాస్ నేర్చిన వారిలో ఎక్కువమందికి జీవితం అంటే ఆర్కెస్ట్రా ఉద్యోగమే. పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాలో సాధారణంగా ఎనిమిది మంది బాస్ వాద్యకారులు ఉంటారు. వారిలో ఒకరు పదవీ విరమణ చేస్తేనో, వేరే ఊరికి వెళ్లిపోతేనో తప్ప ఖాళీ రాదు; వచ్చిన ఒక్క ఖాళీకి దేశం నలుమూలలనుంచీ అభ్యర్థులు వస్తారు. అమెరికాలో ఎంపిక తొలి దశల్లో అభ్యర్థి తెర వెనక నిలబడి వాయిస్తాడు, న్యాయనిర్ణేతలకు మనిషి కనిపించడు. బేతోవెన్ అయిదో సింఫనీ మూడో భాగంలో బాసులు ఉరకలు వేసే ఘట్టం, తొమ్మిదో సింఫనీ చివరి భాగంలో మాటల్లేకుండానే మాట్లాడినట్టు సాగే ఘట్టం, మాలర్ మొదటి సింఫనీ మూడో భాగం ఆరంభంలో ఒకే ఒక్క బాస్ తార స్థాయిలో మెల్లగా పాడే వరుస లాంటివి ఏళ్ల తరబడి సాధన చేసి, కొన్ని నిమిషాల్లో నిరూపించుకోవాలి.

మేయర్ ఆ దారిలో వెళ్లలేదు. చదువు ముగిశాక నాష్‌విల్‌లో స్థిరపడి, స్టూడియోల్లో రికార్డింగులకు వాయిస్తూ, బేలా ఫ్లెక్, సామ్ బుష్, జెర్రీ డగ్లస్, మార్క్ ఓకానర్ వంటి బ్లూగ్రాస్ (అమెరికా పల్లెల తంత్రీవాద్య సంగీతం) రంగపు మేటి వాద్యకారులతో కలిసి బృందాలు కట్టారు. అదే కాలంలో శాంటా ఫే చాంబర్ మ్యూజిక్ ఫెస్టివల్‌లో ఏటేటా శాస్త్రీయ కచేరీలు చేశారు. 1994లో న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్ చాంబర్ మ్యూజిక్ సొసైటీలో చేరారు. 2000లో ఆయనకు ఏవరీ ఫిషర్ బహుమతి వచ్చింది. అమెరికా శాస్త్రీయ వాద్యకారులకు ఇచ్చే ప్రతిష్ఠాత్మక పురస్కారాల్లో ఒకటైన ఆ బహుమతి ఒక డబుల్ బాస్ విద్వాంసుడికి దక్కడం అదే మొదటిసారి. 2002లో మెకార్థర్ ఫెలోషిప్ కూడా లభించింది.

అయితే “బతకగలడా” అన్న మీ మాటకు అసలు జవాబు ఈ వాద్యం చరిత్రలో ఉంది. వయొలిన్ సోలోవాదికి రెండు వందల ఏళ్ల కచేరీ సాహిత్యం సిద్ధంగా ఉంటుంది: బేతోవెన్, మెండెల్సన్, బ్రామ్స్, చైకోవ్‌స్కీ. డబుల్ బాస్ కోసం వీరిలో ఒక్కరూ కన్చెర్టో (సోలో వాద్యానికీ ఆర్కెస్ట్రాకూ కలిపి చేసే రచన) రాయలేదు. హైడన్ రాసినది పోయింది. ఆయన రచనల పట్టికలో దాని ఆరంభపు స్వరాలు మాత్రమే మిగిలాయి. డిటర్స్‌డోర్ఫ్, వాన్హాల్ వంటి 18వ శతాబ్దపు రచయితలవి కొన్ని ఉన్నాయి. ఆ తర్వాత సోలో వాయించాలనుకున్న ప్రతివాడూ తన పాట తానే రాసుకోవలసి వచ్చింది.

వెనిస్‌లో 1763లో పుట్టిన ద్రాగొనెట్టి తన కన్చెర్టోలు తానే రాసుకుని, లండన్‌లో అర్ధ శతాబ్దం వెలిగారు. 1799లో వియన్నాలో బేతోవెన్ రాసిన చెల్లో సొనాటాను బేతోవెన్ ఎదుటే డబుల్ బాస్ మీద వాయించి చూపారు. బొత్తెసీని కథ మరీ విచిత్రం. 1835లో మిలాన్ కన్సర్వేటరీలో ఉచితంగా చదవడానికి బసూన్ అనే ఊదే వాద్యానికీ డబుల్ బాస్‌కూ మాత్రమే ఖాళీలు ఉండటంతో, అప్పటిదాకా వయొలిన్ వాయించిన ఆ కుర్రవాడు కొద్ది వారాల్లో డబుల్ బాస్ నేర్చుకుని చేరిపోయాడు. తర్వాత తన వాద్యం కోసం ఎన్నో రచనలు చేశారు, నాటకశాలలకు సంగీత నిర్వాహకుడయ్యారు. 1871 డిసెంబరు 24న కైరోలో వెర్డీ సంగీత నాటకం ‘ఐదా’ తొలి ప్రదర్శనను నడిపింది ఆయనే. రష్యాలో కుసెవిట్స్కీ 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో తన కన్చెర్టోను రాసి, స్వయంగా వాయించి, ఆ తర్వాత కండక్టర్‌గా బోస్టన్ సింఫనీని 1924 నుంచి 1949 దాకా నడిపించారు.

గ్యారీ కార్ మరో మార్గం పట్టారు. 1962లో లియోనార్డ్ బెర్న్‌స్టీన్ నిర్వహించిన న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ టెలివిజన్ కచేరీలో కనిపించిన తర్వాత ఆయన పేరు దేశమంతా తెలిసింది. కుసెవిట్స్కీ భార్య ఓల్గా తన భర్త వాయించిన వాద్యాన్ని ఈ యువకుడికి కానుకగా ఇచ్చారు. కార్ పూర్తికాలం సోలో విద్వాంసుడిగానే జీవించారు. ఇతరులు రాసిన గీతాలనూ పాటలనూ తన వాద్యానికి మలచుకున్నారు, సమకాలీన రచయితల చేత కొత్తవి రాయించారు. 1960లలో హాన్స్ వెర్నర్ హెంజె రాసిన డబుల్ బాస్ కన్చెర్టో ఆయన కోసం పుట్టినదే. బాస్ వాద్యకారుల అంతర్జాతీయ సంఘానికి 1967లో పునాది వేసిందీ ఆయనే.

మేయర్ ఈ వంశవృక్షంలో బొత్తెసీని కొమ్మకు చెందినవారు. ఆయన మొదట రచయిత, ఆ తర్వాతే వాద్యకారుడు అనడానికి నేను సంకోచించను. ఈ వాద్యంతో సోలోవాదిగా నిలబడాలంటే వేళ్ల నేర్పు ఒక్కటే చాలదనీ, వాగ్గేయకారుడి లక్షణం కూడా ఉండాలనీ ఆయన జీవితం స్పష్టంగా చెబుతోంది. మన సంగీతంలో పక్కవాద్యం వాయించే వారికి ప్రధాన కళాకారుడు ఎంచుకున్న కృతిని అనుసరించడమే ధర్మం. డబుల్ బాస్‌ది కూడా శతాబ్దాలుగా అదే స్థానం. ముందుకు వచ్చి కూర్చోవాలంటే వాయించడానికి తనదైన కృతి ఒకటి ఉండాలి కదా.

ప్రశ్న: బాఖ్ చెల్లో కోసం రాసిన స్వీట్లను (నాట్య గతుల్లో సాగే భాగాల గుచ్ఛాలను) మేయర్ డబుల్ బాస్ మీద వాయించారని చదివాను. నేను వయొలిన్ నేర్చుకుంటున్నాను. అది ఎంత కష్టమో కాస్త వివరంగా చెప్పగలరా?

జవాబు: వయొలిన్ నేర్చుకుంటున్నారు కనుక ఎడమచేతి కొలతలతో చెబుతాను. వయొలిన్‌లో కంపించే తీగ పొడవు సుమారు 33 సెంటీమీటర్లు, చెల్లోలో 69, డబుల్ బాస్‌లో 105 దాకా. ఖాళీ తీగనుంచి మొదటి స్వరస్థానానికి జరగాలంటే వయొలిన్ మీద వేలు రెండు సెంటీమీటర్లు కూడా కదలనక్కరలేదు. చెల్లో మీద దాదాపు నాలుగు, డబుల్ బాస్ మీద దాదాపు ఆరు సెంటీమీటర్లు కదలాలి. అందుచేత ఫింగర్‌బోర్డ్ కింది భాగంలో, అంటే మంద్ర స్వరాల దగ్గర, చూపుడువేలినుంచి చిటికెనవేలిదాకా చేతిని పూర్తిగా చాపినా రెండు స్వరస్థానాల దూరమే అందుతుంది. మీ వయొలిన్ మీద చేయి కదపకుండా నాలుగు వేళ్లతో పలికే వరుసకు డబుల్ బాస్ వాద్యకారుడు చేతిని రెండు మూడుసార్లు జరపాలి. జరిపిన ప్రతిసారీ మెట్ల ఆసరా లేకుండా సరైన చోట దిగాలి. 19వ శతాబ్దంలో ఫ్రాంజ్ సిమాండ్ల్ క్రోడీకరించిన పద్ధతిలో చూపుడువేలు, మధ్యవేలు, చిటికెనవేలు మాత్రమే విడివిడిగా పనిచేస్తాయి. ఉంగరపువేలు చిటికెనవేలికి బలం ఇవ్వడానికే. నేటికీ చాలామందికి తొలి పాఠాలు ఇవే.

తీగ సగం దాటాక పరిస్థితి మారుతుంది. అప్పటిదాకా మెడ వెనక దాక్కున్న బొటనవేలు ముందుకు వచ్చి, తన పక్క అంచుతో తీగను అదుముతుంది. అక్కడినుంచి బొటనవేలే కదిలే మేరువు. దానికి ముందు మిగతా వేళ్లు స్వరాలు పలికిస్తాయి. స్వరస్థానాల ఎడం మూడు సెంటీమీటర్లకు లోపు తగ్గుతుంది కనుక వేగం సాధ్యమవుతుంది. కానీ వాద్యం భుజాల మీదుగా వంగి, చేతిని దాని చుట్టూ చాపి వాయించాలి. వీపూ నడుమూ ఆ భారాన్ని మోయాలి. ఇంకా పైన తీగను అదమకుండా వేలితో తాకి పలికించే హార్మోనిక్స్ ఉన్నాయి. పొడవైన తీగ కావడం వల్ల అవి వయొలిన్ మీదకంటే తేటగా పలుకుతాయి. పెద్ద వాద్యం ఇచ్చే వరం ఇది.

ఇక బాఖ్ సంగతి. ఆ స్వీట్లలో ఒకే వాద్యం ఒకేసారి రెండు మూడు గొంతుకలతో పాడుతున్న భ్రమ కలగాలి. చెల్లో పంచమాల శ్రుతిలో ఉంది కనుక ఖాళీ తీగల మీదుగా కమాను సాఫీగా దాటిపోయేలా బాఖ్ రాశారు. శుద్ధ మధ్యమాల శ్రుతిలో ఉన్న డబుల్ బాస్‌కు అదే స్వరసమూహం చేతికింద పడదు. తీగ దాటే చోట వేలు జరగాలి, వేలు జరిగే చోట కమాను ఆగకూడదు. మేయర్ 1990ల చివర మూడు స్వీట్లను రికార్డు చేశారు. అందులో నన్ను ఆశ్చర్యపరచేది వేగం కాదు. నాట్య గతుల్లో కమాను ఎక్కడ బరువు దించాలో, ఎక్కడ గాలిలో తేలాలో ఆయనకు తెలిసిన తీరు. జానపద ఫిడేలు వాద్యకారుల పక్కన ఏళ్ల తరబడి వాయించిన చేయి కనుకనే ఆ నడక అబ్బిందని నా నమ్మకం. శరబాంద్ వంటి విలంబిత భాగాల్లో మాత్రం చెల్లోకు ఉన్న ఆర్ద్రత దీనికి లేదని కొందరు శ్రోతలు అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. మంద్రంలో నాదం తొందరగా మసకబారుతుంది కనుక, నిలకడగా సాగవలసిన స్వరాన్ని ఆయన కొన్నిచోట్ల కాస్త ముందుగానే వదిలి ముందుకు సాగుతారు.

ప్రశ్న: ఆయన సొంత రచనల్లో వేటిని వినాలి? తబలాతో ఆర్కెస్ట్రా కలిసిన రచన ఒకటి ఉందని విన్నాను.

జవాబు: 1993లో ఆయన వాయించగా మినెసోటా ఆర్కెస్ట్రాతో తొలిసారి వినిపించిన డి స్వరపు కన్చెర్టోతో మొదలుపెట్టండి. దాన్ని బొత్తెసీని కన్చెర్టోతో కలిపి, సెయింట్ పాల్ చాంబర్ ఆర్కెస్ట్రాతో రికార్డు చేశారు. పక్కపక్కనే వింటే నూటికి పైగా ఏళ్ల ఎడంలో ఇద్దరు వాద్యకార-రచయితలు ఒకే సమస్యను ఎలా పరిష్కరించారో తెలుస్తుంది. సమస్య ఏమిటంటే, ఆర్కెస్ట్రా మధ్యలో మంద్ర స్వరం మునిగిపోతుంది. బొత్తెసీని తన వాద్యాన్ని ఎక్కువసేపు తార స్థాయిలోనే పాడించారు, ఇటలీ నాటకశాల గాయకుడి చేత పాడించినట్టు. మేయర్ ఆర్కెస్ట్రానే పలచన చేసి, బాస్ పలికేటప్పుడు ఆ స్థాయిని ఖాళీగా ఉంచుతారు; అందువల్ల తీగను చేతితో మీటినప్పుడు కూడా ప్రతి స్వరమూ వినబడుతుంది.

ఇతరుల కోసం రాసినవాటిలో వయొలిన్ విద్వాంసురాలు హిలరీ హాన్‌కు 1999లో ఇచ్చిన కన్చెర్టో ఉంది. నాలుగు తంత్రీవాద్యాల బృందానికి డబుల్ బాస్‌ను జోడించిన 1995 నాటి క్వింటెట్ ఉంది. ఆయన రచనల్లో నాకు ఎక్కువ ఇష్టమైనది ఆ క్వింటెట్.

మీరు అడిగిన తబలా రచన ‘ద మెలడీ ఆఫ్ రిథమ్’ అనే త్రయ కన్చెర్టో. మేయర్, బాంజో విద్వాంసుడు బేలా ఫ్లెక్, జాకిర్ హుస్సేన్ ముగ్గురూ కలిసి దాన్ని రచించారు. 2006లో నాష్‌విల్‌లో షెర్మర్‌హార్న్ సింఫనీ సెంటర్ ప్రారంభ సమయంలో తొలిసారి వినిపించారు. లియోనార్డ్ స్లాట్కిన్ నిర్వహణలో డెట్రాయిట్ సింఫనీతో చేసిన రికార్డింగ్ 2009లో విడుదలైంది. ఇందులో ఉన్న చిక్కు మన శ్రోతలకు బాగా అర్థమవుతుంది. కుడి తబలాను ఒక శ్రుతికి బిగిస్తాం. పాశ్చాత్య రచనలో ఆధార స్వరం మారుతూ పోతుంది. అదీకాక, ఎడమచేతి బాయా మీద అరచేతి మడమతో సాగదీసే మంద్ర నాదమూ, మీటిన డబుల్ బాస్ తీగ నాదమూ ఒకే ప్రాంతంలో ఉంటాయి. ఇద్దరూ ఒకేసారి పలికితే రెండూ అలుక్కుపోతాయి. రికార్డింగ్‌లో ఎడమవైపునుంచో కుడివైపునుంచో కాక, కాలాన్ని పట్టి వినండి: బాయా గుమకీలు తీసే చోట మేయర్ తరచు కమానుకు మారి దీర్ఘ స్వరం పట్టుకుంటారు, లేదా పై స్థాయికి వెళ్లిపోతారు. ఎవరు ఎప్పుడు తప్పుకోవాలో తెలిసిన సాహచర్యం అది. ఆ సాహచర్యమే 2023లో వేణు విద్వాంసుడు రాకేశ్ చౌరాసియా కూడా చేరగా ‘యాజ్ వియ్ స్పీక్’ అయింది. 2024 ఫిబ్రవరిలో ఆ ఆల్బమ్‌కూ, అందులోని ‘పష్తో’ అనే రచనకూ గ్రామీ బహుమతులు వచ్చాయి. అదే ఏడాది డిసెంబరు 15న జాకిర్ హుస్సేన్ కన్నుమూశారు.

ప్రశ్న: బ్లూగ్రాస్, జాజ్, జానపదం అన్నీ కలిపి వాయించే వ్యక్తిని శాస్త్రీయ విద్వాంసుడు అనవచ్చా? ఇది గ్రామీల కోసం చేసే కలగాపులగం కాదా?

జవాబు: మీ అనుమానాన్ని తోసిపుచ్చను. చెల్లో విద్వాంసుడు యో-యో మా, ఫిడేలు విద్వాంసుడు మార్క్ ఓకానర్‌లతో 1996లో చేసిన ‘అపలేచియా వాల్ట్జ్’ తర్వాత ఈ తరహా ఆల్బమ్‌లు చాలా వచ్చాయి. వాటిలో కొన్ని వినడానికి హాయిగా ఉండి, విన్న తర్వాత మనసులో నిలవనివే. యో-యో మా, క్రిస్ థీలీ, స్టూవర్ట్ డంకన్‌లతో 2011లో చేసిన ‘ద గోట్ రోడియో సెషన్స్’ మాత్రం ఆ కోవలోకి రాదు. అందులో నలుగురూ ఒకరి భాషను ఒకరు నేర్చుకున్న జాడ ప్రతి రచనలోనూ ఉంది.

కానీ శాస్త్రీయత సంగతి వేరు. మేయర్ జానపదాన్ని బయటినుంచి తెచ్చి అతికించుకోలేదు. ఆయన పెరిగిన తూర్పు టెనెసీ ఆ ఫిడేలు సంప్రదాయపు నేలే. పైగా బ్లూగ్రాస్‌లో సాధారణంగా డోలు, డ్రమ్ములు ఉండవు. తాళం మోసేది మీటే బాస్. ఆ బాధ్యత వహించిన వాద్యకారుడికి కాలప్రమాణం మీద వచ్చే పట్టు, ఆర్కెస్ట్రాలో కండక్టర్ చేతిని చూస్తూ వాయించినవారికి వేరే దారిలో రావాలి. ఆయన కన్చెర్టోల్లో ఇతివృత్తాలను పెంచే తీరు, స్వరాలను పేర్చే తీరు పూర్తిగా పాశ్చాత్య శాస్త్రీయ శిక్షణలోంచి వచ్చినవి. నడక మాత్రం పుట్టిపెరిగిన నేలది. స్వరకర్త బార్టోక్ హంగరీ పల్లెపాటలతో చేసినదాన్ని మనం కలగాపులగం అనం. ప్రతిభలో ఇద్దరినీ సమానం చేయడం నా ఉద్దేశం కాదు. తూచే రాయి మాత్రం ఇద్దరికీ ఒకటే ఉండాలి.

ప్రశ్న: విమానంలో ఈ వాద్యాన్ని ఎలా తీసుకెళతారు?

జవాబు: చెల్లోకు పక్క సీటు కొంటారు, డబుల్ బాస్ సీటులో పట్టదు. గట్టి పెట్టెలో పెట్టి సామానుతోపాటు పంపాలి. ఆ పెట్టెతో కలిపి బరువు విపరీతంగా పెరుగుతుంది, పాత వాద్యాలకు పగుళ్ల భయం ఉంటుంది. అందుకే కొందరు మెడ విడదీయగల వాద్యాలు చేయించుకుంటారు, కొందరు వెళ్లిన ఊళ్లోనే మరో వాద్యాన్ని అరువు తెచ్చుకుని తమ కమాను మాత్రం వెంట తీసుకెళతారు. మేయర్ వాయించేది 1769 నాటి ఇటలీ వాద్యం. ఆ వయసు వాద్యానికి ప్రతి ప్రయాణమూ ఒక పరీక్షే.

ప్రశ్న: మేయర్ తప్ప ఇంకెవరిని వినాలి?

జవాబు: గ్యారీ కార్ గురించి పైన రాశాను. ఆయన వాయిద్యంలో పాట పాడే గుణం అందరికంటే ఎక్కువ. సిరియాలోని అలెప్పోలో 1931లో పుట్టిన ఫ్రాన్స్వా రబ్బాత్ గురువు లేకుండా, ఎదువార్ నాన్నీ అనే ఫ్రెంచి విద్వాంసుడి పాఠ్యపుస్తకం ఒక్కటే పట్టుకుని నేర్చుకున్నారు. ఆ పుస్తకకర్త దగ్గర చదవాలని పారిస్ చేరేసరికి ఆయన అప్పటికే మరణించారని తెలిసింది. ఆ తర్వాత రబ్బాత్ తనదైన వేళ్ల పద్ధతిని రూపొందించారు: బొటనవేలిని ఒకచోట నిలిపి, చేతిని దాని మీద ఇరుసులా తిప్పుతూ, చేయి జరపకుండానే ఎక్కువ స్వరాలు అందుకునే పద్ధతి అది. నేటి యువ వాద్యకారుల్లో చాలామంది సిమాండ్ల్ పద్ధతితో మొదలుపెట్టి రబ్బాత్ పద్ధతిలోకి వస్తున్నారు.

లండన్‌లో పుట్టిన చీచీ న్వానొకూ యవ్వనంలో వంద మీటర్ల పరుగు క్రీడాకారిణి. మోకాలి గాయంతో పరుగు ఆగిపోయాక డబుల్ బాస్ పట్టారు. ఆర్కెస్ట్రా ఆఫ్ ది ఏజ్ ఆఫ్ ఎన్‌లైటెన్‌మెంట్‌ను స్థాపించినవారిలో ఒకరై, అందులో ముఖ్య బాస్ వాద్యకారిణిగా దశాబ్దాలు పనిచేశారు. నల్లజాతి, ఇతర మైనారిటీ జాతుల వాద్యకారులకు వేదిక కల్పించేందుకు 2015లో చినెకే అనే సంస్థను స్థాపించారు. ఈ వాద్యంతో సోలో విద్వాంసుడి జీవితం, ఆర్కెస్ట్రా ఉద్యోగం రెండే కాక మూడో దారి కూడా ఉందని చెప్పడానికి ఆమెకంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. కీబోర్డు వాయిస్తుంది. ఇప్పుడు డబుల్ బాస్ నేర్చుకుంటానంటోంది. ఆ వయసుకు అది సాధ్యమేనా? మేయర్ లాంటివారి దగ్గర చదివే అవకాశం ఉంటుందా?

జవాబు: సాధ్యమే. మేయర్ అయిదేళ్లకు మొదలుపెట్టారు. పిల్లల కోసం సగం, పావు, అంతకంటే చిన్న పరిమాణాల వాద్యాలు తయారవుతున్నాయి. పెద్దవారు వాయించేవాటిలో కూడా అధిక భాగం ముప్పావు పరిమాణం అని పిలిచేవే. పన్నెండేళ్ల అమ్మాయికి ఎత్తును బట్టి సగం పరిమాణంతో మొదలుపెట్టవచ్చు. కీబోర్డు వచ్చి ఉండటం పెద్ద మేలు: స్వరలిపి చదవడం, రెండు గొంతుకలను ఒకేసారి వినడం ఆమెకు ఇప్పటికే కొంత అలవాటై ఉంటాయి.

వాద్యం కొనేముందు గురువును వెతకండి. కమాను పట్టే తీరులు రెండున్నాయి: చేయి పైనుంచి పట్టేది ఫ్రెంచి పద్ధతి, కిందినుంచి అరచేయి తెరిచి పట్టేది జర్మన్ పద్ధతి. కమానులే వేరువేరుగా ఉంటాయి. గురువుది ఏ పద్ధతో ఆ కమానే కొనాలి. ఎడమచేతిలో బొటనవేలితో నొక్కిపట్టి బలం తెచ్చుకునే అలవాటు మొదటి నెలల్లోనే పడుతుంది, తర్వాత మణికట్టు నొప్పులకు అదే మూలమవుతుంది. మోచేతినుంచి చేతి బరువును తీగ మీదికి వదలడం నేర్పే గురువు అయితే ఆ బెడద ఉండదు.

మేయర్ ఫిలడెల్ఫియాలోని కర్టిస్ ఇన్‌స్టిట్యూట్‌లో బోధిస్తున్నారు. అక్కడ బోధన రుసుము లేదు, ప్రవేశం పూర్తిగా వాయించి చూపిన దాని మీదే ఆధారపడుతుంది. డబుల్ బాస్ విద్యార్థులు ఏ ఏడాదైనా చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమందే. ఇప్పటికి ఆ ఆలోచన అవసరం లేదు. ప్రస్తుతం ఆమె చేయవలసింది ఖాళీ తీగల మీద కమానును ఒక కొసనుంచి మరో కొసదాకా ఒకే నాదంతో, వణుకు లేకుండా లాగడం. దానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ నెలల్లో తీగ కంపనం వాద్యం చెక్కలోంచి ఆమె పక్కటెముకలకు తెలుస్తుంది. ఆ స్పర్శ ఆమెకు నచ్చిందో లేదో అప్పుడు ఆమెనే అడగండి. నచ్చితే పెద్ద వాద్యం గురించి గురువుతో మాట్లాడవచ్చు.